అంకణా కుదిరింది, తర్వాత?

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ బి. రామలింగరాజు లెక్కల్లో మోసాన్ని ఒప్పుకుంటూ తన బోర్డుకు రాసిన లేఖ బయటికి వచ్చింది. హైదరాబాదంతా దాన్ని నేరకథలా చదివింది. ఇంటర్ పిల్లలకు కామర్స్ చెప్పుకునే నేను మాత్రం ఒక అంకె దగ్గర ఆగిపోయాను. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు కంపెనీ ప్రకటించిన రాబడి 2,700 కోట్ల రూపాయలు, అసలు రాబడి 2,112 కోట్లు. ప్రకటించిన నిర్వహణ లాభం 649 కోట్లు, అసలుది 61 కోట్లు. మొదటి జతలో తేడా తీస్తే 588. రెండో జతలో తేడా తీసినా 588. ఆ మూడు నెలల్లో లేని నగదు ఎంత పెరిగిందో లేఖే చెప్పింది. అదీ 588 కోట్లే.

అంటే అబద్ధాన్ని కూడా జంటపద్దు విధానం తప్పకుండా రాశారు. నగదు వచ్చినట్టు ఒకవైపు, ఆదాయం వచ్చినట్టు రెండోవైపు. లేని అమ్మకానికి జీతాలుండవు, అద్దె ఉండదు, కరెంటు బిల్లు ఉండదు. కాబట్టి అది మొత్తంగా లాభంలోకి జారిపోతుంది. ఆవర్జాలో (లెడ్జర్) నిల్వలు తేల్చి అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) వేస్తే ఒక్క రూపాయి తేడా రాదు. మా పిల్లలైతే పెన్ను కింద పెట్టి, కింద రెండు గీతలు కొట్టి, ఊపిరి పీల్చుకుంటారు. మన అకౌంటింగు చదువు చాలావరకు ఆ రెండు గీతల దగ్గరే ఆగిపోతోందన్నది నా ఫిర్యాదు. లెక్క కుదిరిందా అని అడగడం నేర్పుతున్నాం. ఇది ఎవరి లెక్క, ఏ కాలపు లెక్క, నిజమని ఎవరు ఎలా చూశారు అని అడగడం నేర్పడం లేదు.

ఈ విద్య ఇప్పుడు విద్యార్థికి మూడు నాలుగు దారుల్లో అందుతోంది. ఇంటర్, డిగ్రీ పాఠ్యపుస్తకాలది సూత్రాల దారి. వచ్చేదాన్ని డెబిట్ చేయి, పోయేదాన్ని క్రెడిట్ చేయి, ఖర్చులూ నష్టాలూ డెబిట్, ఆదాయాలూ లాభాలూ క్రెడిట్ అని కంఠస్థం. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లది మీటల దారి. ఎఫ్5 నొక్కితే పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్. బెంగళూరులో 1986లో గోయెంకా తండ్రీకొడుకులు మొదలుపెట్టిన టాలీ ఇవాళ మన పట్టణాల్లో అకౌంటెంటు అన్న మాటకు పర్యాయపదమైపోయింది. ‘అకౌంట్స్ వచ్చా’ అని అడిగే షావుకారు తక్కువ, ‘టాలీ వచ్చా’ అని అడిగేవాళ్ళే ఎక్కువ. సీఏ విద్యార్థులకు అకౌంటింగు ప్రమాణాల దారి. మేనేజ్‌మెంట్ చదువులో చిట్టా (జర్నల్) జోలికి పెద్దగా పోకుండా నేరుగా ఆస్తి అప్పుల పట్టీ చేతికిచ్చి చదవమంటారు. ఒక్కో దారిలో ఒక్కో లోటు. సూత్రాల దారిలో ఎందుకన్నది ఉండదు. మీటల దారిలో రెండో పద్దు యంత్రమే వేసేస్తుంది గనక జంటపద్దు అనేదొకటి ఉందన్న సంగతే మరుగున పడుతుంది. పట్టీతో మొదలుపెట్టినవాడికి అందులోని అంకె ఏ బిల్లు నుంచి నడిచి వచ్చిందో తెలియదు.

మాటల విషయంలో మాత్రం తెలుగు విద్యార్థి అదృష్టవంతుడు. చిట్టా, ఆవర్జా, అంకణా, అనామతు, రానిబాకీ, తరుగుదల: వీటిలో సగం పాఠ్యపుస్తకాలు పుట్టకముందే అంగళ్ళలోనూ కరణాల దస్త్రాల్లోనూ తిరిగిన మాటలు. బ్యాలెన్స్ షీటు కంటే ‘ఆస్తి అప్పుల పట్టీ’ నాకు బాగా నచ్చుతుంది, లోపల ఏముందో పేరే చెబుతుంది గనక. జంటపద్దు విధానాన్ని 1494లో వెనిస్‌లో అచ్చైన తన గణిత గ్రంథంలో లూకా పచోలీ వివరించాడని అందరూ రాస్తారు. ఆయన కనిపెట్టింది కాదది, అప్పటికే అక్కడి వర్తకులు వాడుతున్నదాన్ని పుస్తకంలోకి ఎక్కించాడు. మన దేశపు మహాజనీ బహీల్లో, అంటే వర్తకుల ఖాతా పుస్తకాల్లోనైతే, జమ ఎడమవైపు ఉంటుంది. పాఠ్యపుస్తకంలో క్రెడిట్ కుడివైపు. ఎడమా కుడీ వాడుకను బట్టి వచ్చినవే. ఆ సంగతి చెబితే పిల్లలకు సగం భయం పోతుంది.

మిగతా సగం భయం పోగొట్టడానికి నేను సెల్‌ఫోను తీయమంటాను. జీతం పడితే బ్యాంకు నుంచి మీ ఖాతా క్రెడిట్ అయిందని సందేశం వస్తుంది. డబ్బు వచ్చింది కదా, వచ్చేదాన్ని డెబిట్ చేయాలని కదా సూత్రం? ఈ ప్రశ్నకు ఏటా తరగతి మొత్తం మౌనం వహిస్తుంది. జవాబు చిన్నది: ఆ సందేశం బ్యాంకు పుస్తకం నుంచి వచ్చింది. మన డబ్బు బ్యాంకుకు అప్పు. మన పుస్తకంలో మనం బ్యాంకు ఖాతాను డెబిట్ చేస్తాం, వాళ్ళ పుస్తకంలో వాళ్ళు మనల్ని క్రెడిట్ చేస్తారు. లెక్క ఎప్పుడూ ఎవరో ఒకరిది. ఎవరి కుర్చీలో కూర్చుని చూస్తున్నామో తేలకుండా డెబిట్ ఏదో క్రెడిట్ ఏదో తేలదు.

పుస్తకాలు దీన్నే ప్రత్యేక అస్తిత్వ భావన అంటాయి. ఒక్క మార్కు నిర్వచనంగా చదివేస్తారు గానీ, మన చిన్న వ్యాపారాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. టిఫిన్ సెంటరు నడిపే ఆవిడ సాయంత్రం గల్లాపెట్టెలోంచి కూరగాయలకు రెండు వందలు తీస్తుంది, పిల్లాడి ఫీజుకు ఐదు వేలు తీస్తుంది, ఇంట్లో వంటనూనె అయిపోతే సెంటరు డబ్బానే తెచ్చుకుంటుంది. అది ఆవిడ డబ్బే, తప్పేమీ లేదు. కానీ రాయకపోతే నెలాఖరున డబ్బు ఎందుకు మిగల్లేదో, వ్యాపారం తినేసిందో ఇల్లు తినేసిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఈ తీసుకున్నవన్నీ సొంతవాడకాలు. మూలధనంలోంచి తగ్గించాలే తప్ప ఖర్చు కింద రాయకూడదు. పట్టీలో యజమాని పెట్టిన మూలధనం అప్పుల వైపు ఎందుకుంటుందని అడిగే తెలివైన పిల్లకు కూడా జవాబు ఇదే: వ్యాపారం వేరు, యజమాని వేరు, వ్యాపారం యజమానికి బాకీ.

ఇక కాలం. నా దృష్టిలో ఈ విద్య మొత్తానికీ గుండెకాయ ఇదే. వ్యాపారం ఏరులా సాగిపోతూ ఉంటుంది. మనం ఏప్రిల్ 1న ఒక అడ్డుకట్ట, మార్చి 31న ఒక అడ్డుకట్ట వేసి ఈ మధ్యలో ఎంత నీరు పారిందో చెప్పమంటాం. 1867 నుంచి మన ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం ఇలాగే ఉంది. చేపల చెరువుకూ మిర్చి పంటకూ ఆ తేదీలతో సంబంధం లేదు. అడ్డుకట్టకు అటూ ఇటూ పడే ప్రతి రూపాయినీ ఏ ఏటి ఖాతాలో వేయాలన్నది ఒకరు నిర్ణయించాలి. రావలసిన ఆదాయం, ముందుగా వచ్చిన ఆదాయం, చెల్లించవలసిన ఖర్చులు, ముందుగా చెల్లించిన ఖర్చులు అంటూ ఇరవై మార్కుల ముగింపు లెక్కల ప్రశ్న కింద వచ్చే ‘సర్దుబాట్లు’ ఆ నిర్ణయాలే. పిల్లలు వాటిని పంటికింద రాళ్ళలా చూస్తారు. నిజానికి పైనున్న అంకణా అంతా కూడికలే, ఆలోచన పనిచేసేది ఆ కిందనున్న నాలుగు వరుసల్లోనే.

ఒక కోచింగ్ సంస్థ జనవరిలో పన్నెండు నెలల కోర్సుకు ఒక విద్యార్థి దగ్గర 1,20,000 రూపాయలు ఒకేసారి కట్టించుకుందనుకుందాం. మార్చి 31 నాటికి చెప్పింది మూడు నెలల పాఠం. ఆదాయం 30,000. మిగిలిన 90,000 సంస్థ బ్యాంకులో ఉన్నా, దాని పేరు అప్పు. ఇంకా తొమ్మిది నెలల పాఠం బాకీ ఉంది గనక. మొత్తం 1,20,000 ఈ ఏడే ఆదాయంగా చూపిస్తే దొంగతనమేమీ జరగలేదు, డబ్బు నిజంగానే వచ్చింది, అంకణా కుదురుతుంది. కానీ వచ్చే ఏడు తొమ్మిది నెలల జీతాలకు ఎదురుగా ఆదాయమే ఉండదు. ఇది ఊహాలోకపు సంగతి కాదు. ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్ 2020-21 లెక్కలు సంవత్సరం ముగిసిన ఏడాదిన్నరకు, 2022 సెప్టెంబరులో బయటికి వచ్చినప్పుడు 4,588 కోట్ల రూపాయల నష్టం తేలింది. ఆదాయాన్ని ఏ కాలానికి గుర్తించాలన్న పద్ధతి మారడం అందుకు ఒక ముఖ్య కారణమని కంపెనీ చెప్పుకుంది. ‘ముందుగా వచ్చిన ఆదాయాన్ని పట్టీలో అప్పులవైపు చూపాలి’ అన్న ఇంటర్ వాక్యానికి అంత బరువుంది.

తరుగుదల కూడా ఇలాంటిదే, కాకపోతే ఇక్కడ డబ్బు ముందే వెళ్ళిపోయి ఉంటుంది. మూడు లక్షలకు ఆటో కొన్న డ్రైవరు రోజుకు 1,200 తెస్తాడు, గ్యాసుకు 350 పోతే 850 మిగిలిందంటాడు. నెలకు ఇరవై ఐదు రోజులు తిప్పితే 21,250. ఐదేళ్ళ తర్వాత ఆ ఆటో యాభై వేలకు పోతుందనుకుంటే, ఏడాదికి 50,000, నెలకు 4,167 రూపాయల ఆటో అరిగిపోతోంది. అంటే అతను సంపాదిస్తూనే రోజూ కాస్త కాస్త ఆటోను అమ్ముకుంటున్నాడు. ఫైనాన్సు వాయిదా కడుతున్నాను కదా, అదే ఖర్చు కదా అంటాడు. వాయిదాలో వడ్డీ భాగం ఖర్చే, అసలు భాగం అప్పు తీర్చడం. ఈ తేడా తెలియకపోతే అప్పు తీరిన నెల నుంచి ఒక్కసారిగా లాభం పెరిగినట్టు కనిపిస్తుంది. అప్పటికి ఆటో ముసలిదైపోయి ఉంటుంది.

ఎంత తరుగుదల వేయాలన్నదానికి ఒకే సరైన జవాబు కూడా లేదు. ఒక కంపెనీ అరవై వేలకు లాప్‌టాప్ కొంది. 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూలు దానికి మూడేళ్ళ ఆయుష్షు ఇస్తుంది. ఐదు శాతం చివరి విలువ పక్కనపెట్టి సమానంగా పంచితే ఏడాదికి 19,000. ఆదాయపు పన్ను లెక్కలో కంప్యూటర్లకు తగ్గుతున్న విలువ మీద 40 శాతం, అంటే మొదటి ఏడాది 24,000, అదీ సగం ఏడాదైనా వాడి ఉంటేనే. ఒకే లాప్‌టాప్, రెండు చట్టాలు, రెండు అంకెలు, రెండూ సరైనవే. సరళరేఖా పద్ధతా, తగ్గుతున్న నిల్వల పద్ధతా అని తేడాలు రాయించేటప్పుడు ఈ ఒక్క ఉదాహరణ ఇస్తే పట్టికలో తొమ్మిది తేడాలు బట్టీ పట్టే పని ఉండదు.

మూలధన వ్యయానికీ రాబడి వ్యయానికీ ఉన్న గీత గురించి ఎక్కువ చెప్పను. కొత్త ఇంజన్ వేయిస్తే ఆస్తి, ఆయిల్ మార్పిస్తే ఖర్చు. ఇంతే. కానీ 2002 జూన్‌లో అమెరికాలో వరల్డ్‌కామ్ అనే టెలికాం కంపెనీ బయటపెట్టిన 380 కోట్ల డాలర్ల గోల్‌మాల్ అక్షరాలా ఇదే. ఇతర కంపెనీల టెలిఫోన్ లైన్లు వాడుకున్నందుకు కట్టిన రోజువారీ ఖర్చును ఆస్తిగా రాసుకున్నారు. మన పుస్తకంలో ‘అంకణా వెల్లడించని తప్పులు’ అనే చోట ఐదు మార్కుల ప్రశ్నగా ఉన్న సంగతి. దాన్ని పట్టుకున్నది సింథియా కూపర్ అనే ఆ కంపెనీ అంతర్గత ఆడిటరు.

కాలం గొడవ తెలిశాకే లాభానికీ నగదుకూ ఉన్న ఎడం అర్థమవుతుంది. వ్యాపార ఆర్థికం మొదలయ్యేది ఇక్కడే. స్కూలు యూనిఫారాలు కుట్టించే చిన్న యూనిట్‌ను తీసుకోండి. గుడ్డ తెచ్చాక కుట్టి పంపేదాకా 30 రోజులు. స్కూళ్ళు డబ్బిచ్చేది 45 రోజులకు. గుడ్డ కొట్టువాడు ఇచ్చే అరువు 20 రోజులు. ముప్పైకి నలభై ఐదు కలిపి ఇరవై తీసేస్తే 55 రోజుల పాటు ఎవరో ఒకరి డబ్బు ఇరుక్కుని ఉండాలి. రోజుకు పదివేల ఖర్చుతో నడిచే యూనిట్‌కు అయిదున్నర లక్షలు. ఇదే నిర్వహణ మూలధనం. ఆర్డర్లు రెట్టింపైతే ఇంట్లో పండగ చేసుకుంటారు. కానీ వాటిని పూర్తిచేయడానికి పదకొండు లక్షలు కావాలి. లాభాల్లో ఉన్న యూనిట్లు గిరాకీ పెరిగినప్పుడే మూతపడటం చూసి జనం దిష్టి తగిలిందంటారు. దిష్టి కాదు, 55 రోజులు.

చిన్న పరిశ్రమల కోసం నాయక్ కమిటీ చేసిన సిఫారసు ఈ లెక్క మీదే నిలబడింది. ఏడాదికి నాలుగు చుట్లు తిరిగే వ్యాపారానికి అమ్మకాల్లో నాలుగో వంతు ఎప్పుడూ ఇరుక్కుని ఉంటుంది. అమ్మకాల్లో ఐదు శాతం యజమాని తెచ్చుకుంటే, అంచనా అమ్మకాల్లో కనీసం 20 శాతం బ్యాంకు ఇవ్వాలి. యాభై లక్షల అమ్మకాలకు పది లక్షలు. లోను కోసం వెళ్ళే కుర్రాడికి ఆ 20 ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే, తన వ్యాపారం నాలుగు చుట్లు కాక మూడే తిరుగుతుందని మేనేజరుకు నోరు తెరిచి చెప్పగలడు.

దీనిమీద జీఎస్టీ ఒకటి. 2017 జులై 1 నుంచి బిల్లు మీద వసూలు చేస్తున్న పన్ను మన రాబడి కాదు, ప్రభుత్వానికి మనం పడ్డ అప్పు. లక్ష రూపాయల బిల్లు మీద పద్దెనిమిది వేలు పన్ను వేస్తే గల్లాలో 1,18,000 చూసి మురిసిపోయేవాళ్ళున్నారు. ఇంకా పెద్ద చిక్కు ఏమిటంటే, నెలవారీ రిటర్ను వేసేవాళ్ళు జూన్ బిల్లు తాలూకు పన్ను, తాము కొన్నప్పుడు కట్టింది మినహాయించుకుని, జులై 20కల్లా కట్టాలి, కొన్నవాడు సెప్టెంబరులో ఇచ్చినా సరే. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతూనే ఉంది. పట్టించుకున్నవాళ్ళు తక్కువ. గడువు దాటితే, డబ్బు చెల్లించిన ఏటిలో తప్ప కొన్నవాడు ఆ ఖర్చును పన్ను లెక్కలో చూపుకోలేడన్న నియమం 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాకే పెద్ద కంపెనీల అకౌంట్స్ విభాగాలు చిన్న సరఫరాదారుల బిల్లులు వెతకడం మొదలుపెట్టాయి. తేదీల పట్టింపు ఎంత శక్తిమంతమో చూడండి.

టిఫిన్ సెంటరుకు మళ్ళీ వెళ్దాం, ఈసారి ఎన్ని ప్లేట్లు అమ్మితే గట్టెక్కుతుందో చూడటానికి. సగటున ప్లేటు నలభై రూపాయలు. పిండి, చట్నీ, గ్యాసు, పార్సిల్ కవరు కలిపి పద్దెనిమిది. ప్లేటుకు మిగిలేది ఇరవై రెండు. నెలకు అద్దె 15,000, మాస్టరు జీతం 24,000, సహాయకుడికి 12,000, కరెంటూ గిరెంటూ 4,000. మొత్తం 55,000, ఒక్క ప్లేటు అమ్మకపోయినా తప్పనిది. 55,000ను 22తో భాగిస్తే 2,500. రోజుకు 84 ప్లేట్లు దాటితే లాభం. పుస్తకం ఇక్కడ ఆగిపోతుంది. నేను పిల్లల్ని ఇంకొకటి అడగమంటాను: తెల్లవారుజామున నాలుగింటికి లేచే ఆవిడ జీతం ఏది? అదే పని ఇంకొకరి దగ్గర చేస్తే ఇరవై వేలు వస్తాయనుకుంటే లెక్క 75,000 అవుతుంది, 3,410 ప్లేట్లు కావాలి, రోజుకు 114. రోజూ వంద ప్లేట్లు అమ్ముతున్న ఆవిడ పుస్తకాల ప్రకారం లాభంలో ఉంది. తన కష్టాన్ని కలిపితే నష్టంలో ఉంది. ఈ రెండో లెక్క ఏ పన్ను అధికారీ అడగడు, ఏ అకౌంటెంటూ రాయడు. సెంటరు నడపాలో మానాలో తేల్చేది మాత్రం అదే.

వడ్డీ విషయంలో మనవాళ్ళు దిట్టలు, ఒక్క చోట తప్ప. ‘నూటికి రెండు’ అంటే నెలకు రెండు, ఏడాదికి 24 శాతమని చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. కానీ ఫైనాన్సు కంపెనీ ‘ఏడాదికి పన్నెండు శాతమే, ఫ్లాట్’ అంటే చదువుకున్నవాళ్ళు కూడా పడిపోతారు. లక్ష అప్పు, ఏడాది వడ్డీ పన్నెండు వేలు, మొత్తం 1,12,000ను పన్నెండు వాయిదాలు చేస్తే నెలకు 9,333. బాగానే ఉంది కదా? కానీ లక్ష మన దగ్గర ఏడాది పొడవునా లేదు. మొదటి నెల నుంచే తిరిగి ఇచ్చేస్తున్నాం. సగటున మన చేతిలో ఉన్నది సగానికి కొంచెం ఎక్కువ. ఆ లెక్కన అసలు వడ్డీ రేటు ఏడాదికి సుమారు 21.5 శాతం. నూటికి రెండుకు దగ్గరగానే వచ్చింది. 2024 అక్టోబరు నుంచి కొత్త రిటైల్, చిన్న పరిశ్రమల రుణాలన్నిటికీ ఖర్చులన్నీ కలిపిన వార్షిక శాతాన్ని ఒక కాగితం మీద ముందే చూపించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ కాగితం చదవగలగడమే డబ్బు కాలవిలువ అన్న అధ్యాయపు ప్రయోజనం.

చీటీపాట ఇంకా మంచి పాఠం. ఇరవై మంది, నెలకు ఐదు వేలు, ఇరవై నెలలు, లక్ష చీటీ. మూడో నెలలో ఒకరు పాతిక వేలు వదులుకుని పాడితే డెబ్బై ఐదు వేలు చేతికొస్తాయి. కంపెనీ కమీషన్ ఐదు వేలనుకుంటే మిగిలిన ఇరవై వేలు అందరికీ తలా వెయ్యి. ఇప్పుడు ఆ పాడినవాడు కట్టే వడ్డీ ఎంత? చెప్పలేం. మిగిలిన పదిహేడు నెలల్లో పాట ఎంతకు పోతుందో, తన వాయిదా ఎంత తగ్గుతుందో దాన్ని బట్టి ఉంటుంది. చీటీ అంటే పొదుపా, అప్పా? ముందు పాడినవాడికి అప్పు, చివరిదాకా ఆగినవాడికి పొదుపు. ఒకే ఒప్పందం కుర్చీ మారితే పేరు మారుస్తుంది. 1982 చిట్‌ఫండ్ చట్టంలో కంపెనీ కమీషన్ గరిష్ఠ పరిమితిని 2019లో ఐదు నుంచి ఏడు శాతానికి పెంచారు. ఆ రెండు శాతం ఎవరి రాబడిని కొరుకుతుందో తరగతిలో లెక్క వేయించి చూడండి, అంతర్గత రాబడి రేటు అన్న భయంకరమైన పేరు దానంతటదే మెత్తబడుతుంది.

అప్పు తెచ్చి వ్యాపారం చేయడం మంచిదా కాదా అన్నదానికి ఒక్క ఉదాహరణ చాలు. పది లక్షల వ్యాపారం 15 శాతం లాభం తెస్తే, సొంత డబ్బంతా పెట్టినవాడికి 15 శాతమే. ఐదు లక్షలు 12 శాతానికి అప్పు తెచ్చినవాడికి వడ్డీ పోను తొంభై వేలు మిగిలి, తన ఐదు లక్షల మీద 18 శాతం పడుతుంది. లాభం 8 శాతానికి పడిపోతే మొదటివాడికి 8, రెండోవాడికి 4. నిష్పత్తుల విశ్లేషణ గురించి ఇంకా తక్కువ చెబుతాను. ప్రస్తుత నిష్పత్తి 2:1 ఉండాలని దశాబ్దాలుగా బట్టీ పట్టిస్తున్నాం. అమ్ముడుపోని చీరలతో నిండిన కొట్టుకూ ఆ నిష్పత్తి బ్రహ్మాండంగా ఉంటుంది. నగదుకే అమ్మి అరువుకు కొనే సూపర్ మార్కెట్‌కు ఒకటి కంటే తక్కువ ఉన్నా నిశ్చింతగా నడుస్తుంది.

మళ్ళీ సత్యం దగ్గరికి రావాలి. 2008 సెప్టెంబరు 30 నాటి పట్టీలో నగదూ బ్యాంకు నిల్వలూ 5,361 కోట్లని ఉంటే, అందులో 5,040 కోట్లు లేవని లేఖ చెప్పింది. రావలసిన వడ్డీ 376 కోట్లు అసలు లేనే లేదు. 1,230 కోట్ల అప్పు తక్కువ చూపారు. రుణగ్రస్తుల దగ్గర 490 కోట్లు ఎక్కువ చూపారు. ఆస్తులన్నిటిలోకీ అంచనాలకు తావులేనిది నగదే అని మనం పిల్లలకు చెబుతాం. రానిబాకీని ఊహించాలి, సరుకు విలువ కట్టాలి, యంత్రం ఆయుష్షు ఇంత అనుకోవాలి. బ్యాంకు నిల్వకు మాత్రం బ్యాంకును అడిగితే చాలు. పెద్ద అబద్ధం పెట్టింది అక్కడే. నకిలీ ఇన్వాయిసులు, నకిలీ డిపాజిట్ రసీదులు, నకిలీ బ్యాంకు స్టేట్‌మెంట్లు. ఇంటర్‌లో ‘బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక’ అని ఒక అధ్యాయం ఉంది, మన పుస్తకాన్నీ బ్యాంకు పాస్‌బుక్కునూ పక్కపక్కన పెట్టి తేడాలు వెతికే పని. పిల్లలు తేలికని వదిలేస్తారు. దాని అసలు అర్థం ఏమిటంటే, మన లెక్కను మన చేతిలో లేని ఇంకొకరి లెక్కతో సరిచూడటం. ఆ రెండో కాగితం నేరుగా బ్యాంకు నుంచి కాక కంపెనీ చేతి మీదుగా వస్తే ఆ అధ్యాయమంతా వృథా.

2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లోని ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజుతో సహా నిందితులను దోషులుగా తేల్చింది. కంపెనీని 2009 ఏప్రిల్‌లోనే టెక్ మహీంద్రా వేలంలో దక్కించుకుంది. చట్టమూ మారింది. 2013 కంపెనీల చట్టం ప్రకారం లిస్టయిన కంపెనీలు ఒకే ఆడిట్ సంస్థను వరుసగా పదేళ్ళకు మించి ఉంచుకోకూడదు. ఆడిటర్ల పనిని పరిశీలించి శిక్షించే జాతీయ సంస్థ 2018 అక్టోబరులో ఏర్పాటైంది. వీటిలో ఏదీ అంకణాను మార్చలేదు. అది అప్పుడూ కుదిరింది, ఇప్పుడూ కుదురుతుంది. మార్చాలనుకున్నది దాన్ని చూసే కళ్ళను.

కొన్నేళ్ళుగా నేను సంక్రాంతి సెలవులకు పిల్లలకు ఒక పని ఇస్తున్నాను. ఇంటి దగ్గర ఏదో ఒక చిన్న వ్యాపారానికి ఆ రోజు నాటి ఆస్తి అప్పుల పట్టీ రాసుకురమ్మని. ఒకమ్మాయి వాళ్ళమ్మ టైలరింగ్ షాపు రాసుకొచ్చింది. కుట్టు మిషన్లు రెండు, ఓవర్‌లాక్ మిషన్ ఒకటి, దారాలూ హుక్కులూ లైనింగు గుడ్డా. ‘సరుకు’ కింద ముప్పై వేల విలువైన జాకెట్ గుడ్డలు రాసింది. అవి కస్టమర్లు ఇచ్చినవి కదే, మీవెలా అవుతాయి అని వెనక బెంచీ నుంచి ఒకడు అన్నాడు. ఆ అమ్మాయి కొట్టేసింది. అయితే కుట్టేసి, ఇస్త్రీ చేసి, ఎవరూ తీసుకెళ్ళకుండా వేలాడుతున్న పదిహేను జాకెట్ల సంగతేమిటని తనే అడిగింది. గుడ్డ మనది కాదు, పని మనది, కూలి రాలేదు. ఇది ఈ ఏటి ఆదాయమా, తీసుకెళ్ళిన రోజు ఆదాయమా? గంట మొత్తం దానికే సరిపోయింది. చివరికి పదకొండు జాకెట్ల కుట్టుకూలిని రావలసిన ఆదాయంలో వేసి, రెండేళ్ళ కిందటి పెళ్ళి సీజను నాటి నాలుగింటిని రానిబాకీగా కొట్టేసింది. మర్నాడు వచ్చి, వాళ్ళమ్మ కొట్టెయ్యనివ్వలేదని చెప్పింది.